మరమ్మతుల మంత్రి

ఆ వానాకాలమంతా మా ఆయన ఆదివారం ఆదివారం బతికే ఉన్నాడు. మిగతా వారమంతా లేడు.

దెయ్యాల కథేమీ కాదు, కంగారు పడకండి. నాకొక బ్లాగు ఉండేది. పెళ్లికో పిల్లలకో ఉద్యోగం మానేసి, మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోవాలనుకునే ఆడవాళ్ల కోసం రాసేదాన్ని. ఇంట్లో జరిగిన ముచ్చటతో మొదలుపెట్టి ప్రోగ్రామింగ్ సంగతి ఒకటి చెప్పి ముగించడం నా పద్ధతి. ఆ ముచ్చట్లన్నిట్లో హీరో మా ఆయనే. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు. పగలంతా ఊళ్లో లిఫ్టులు చూసి వచ్చి, ఇంట్లో మిక్సీ విప్పేవాడు, గొడుగు విప్పేవాడు, బాగానే తిరుగుతున్న గోడగడియారాన్ని కూడా అనుమానంగా చూసేవాడు. బ్లాగులో ఆయనకి మరమ్మతుల మంత్రి అని పేరు పెట్టాను.

ఏటా వానలు మొదలయ్యే వేళకి మా ఆఫీసులో కొత్త వెర్షన్ విడుదల ఉంటుంది. ఇక ఊపిరి సలపదు. అందుకని ఎండాకాలం చివర్లోనే సీజనుకి సరిపడా పోస్టులు రాసేసి, ఏ ఆదివారానిది ఆ ఆదివారం పొద్దున్నే దానంతటదే బయటికొచ్చేట్టు పెట్టేదాన్ని. ఆ ఏడూ అలాగే పెట్టాను. పక్కన కూర్చుని జోకులు అందించింది ఆయనే. "మంత్రిగార్ని మరీ వెర్రిబాగులవాణ్ణి చేస్తున్నావు, పరువు పోతోంది" అని నస కూడా పెట్టాడు. తర్వాతి వారం ఏదో పెద్ద బిల్డింగు పైన, మోటారు గదిలో పని చేయిస్తూ చేయిస్తూ కూలబడిపోయాడు. గుండె అన్నారు.

మొదటి ఆదివారం ఇంటినిండా చుట్టాలు. వంటింట్లో ఎవరో గ్లాసులు కడుగుతున్నారు. మా బాబాయి కూతురు తన ఫోన్లో ఏదో చూసి, మొహం పాలిపోయి, నా పక్కకొచ్చి కూర్చుంది.

"అక్కా, నీ బ్లాగులో కొత్త పోస్టు వచ్చింది" అంది చెవిలో. "బావ మిక్సీ విప్పాడంట."

ఇలాంటి పొరపాటు మా రంగంలో వాళ్లకే సాధ్యం. చెప్పాల్సిన వాళ్లందరికీ చెప్పాను. బ్యాంకుకి చెప్పాను, పాలవాడికి చెప్పాను, సాఫ్ట్‌వేరుకి చెప్పడం మర్చిపోయాను.

లాప్‌టాప్ తెరిచి మిగతావన్నీ ఆపేయబోతుంటే అత్తయ్య వచ్చి వెనక నిలబడింది. మా ఇంట్లో ఉండేది ముగ్గురం: ఆయన, నేను, అత్తయ్య. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఎంత కష్టం వచ్చినా గొంతు పెరగదు, తగ్గదు.

"ఏం చేస్తున్నావు?" అంది.

"ఇవి ఆపేస్తున్నా అత్తయ్యా. ఊరుకుంటే వస్తూనే ఉంటాయి."

"ఎందాకా వస్తాయి?"

"వానలయ్యేదాకా."

కాసేపు తెర మీదున్న వరసని చూసింది. "అయితే వానలయ్యేదాకా రానీ" అంది.

లాప్‌టాప్ మూసేశాను. ఆ రోజుల్లో ఎవరేం చెబితే అది చేసేదాన్ని. తినమంటే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. ఏడుపు రాలేదు. రాలేదని కంగారూ కలగలేదు. కామెంట్లు నేను చూసి సరే అంటేనే బ్లాగులో కనపడేవి కాబట్టి, తెలిసినవాళ్లు పంపిన ఓదార్పులన్నీ తలుపు బయటే ఉండిపోయాయి. నేను తలుపు తియ్యలేదు.

*

బ్లాగు చదివే ఆడవాళ్లలో కొందరికి శనివారం శనివారం నేను క్లాసు చెప్పేదాన్ని. అది ఊరికి ఆ చివర, టైర్ల కొట్టు మీది గదిలో జరిగేది. కిందనుంచి రబ్బరు వాసన, గాలి కొట్టే యంత్రం చప్పుడు. మధ్యమధ్యలో అది ఆగినప్పుడల్లా నా గొంతు మరీ పెద్దగా వినపడేది. ఒక్క శనివారం మానేసి, ఇంట్లో పనుందని కబురు పెట్టాను. పూర్తిగా మానెయ్యాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పడం కన్నా వెళ్లడమే తేలిక. ఆఫీసులో అందరికీ తెలుసు. నేను కనపడగానే గొంతులు తగ్గించేవాళ్లు. క్లాసులో ఎవరికీ తెలియదు, ఎప్పట్లాగే గోలగోలగా ఉండేవాళ్లు. అందుకే నాకు ఆ గది కావాల్సి వచ్చింది.

మా క్లాసులో ఒక రూలుంది. ఎవరు ఏ మెయిల్ రాసినా, పంపేముందు ఇంకొకామె చదివి అందులో ఉన్న సారీలన్నీ కొట్టెయ్యాలి. ఉద్యోగం అడుగుతూ రాసిన మెయిళ్లలో వీళ్లు పెట్టే సారీలకి అంతుండదు. పిల్లల్ని కన్నందుకు సారీ, ఇంట్లో పెద్దవాళ్లకి జబ్బు చేసినందుకు సారీ, ఇన్నేళ్ల తర్వాత గుర్తొచ్చినందుకు సారీ. ఆ రూలు పుట్టడానికి కారణమైన ఆమెని అందరూ సారీ గారు అని పిలిచేవాళ్లు. తలుపు తోసుకుని లోపలికొస్తూ తలుపుకి కూడా సారీ చెప్పే రకం. పెళ్లికి ముందు సాఫ్ట్‌వేరు టెస్టింగులో చేసింది. తప్పు ఎక్కడ దాక్కున్నా చెవి పట్టుకుని లాక్కొచ్చేది. ఇద్దరు పిల్లలు. భర్తది మందుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే ఉద్యోగం, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు.

నేను మళ్లీ వెళ్లిన మొదటి శనివారమే పట్టుకుంది. "సారీ మేడం, ఒక్క డౌటు. మంత్రిగారు మిక్సీ బిగించాక ఒక స్క్రూ మిగిలిపోయిందని రాశారు కదా. అది తర్వాత ఎక్కడిదని తేలింది?"

"తేలింది" అన్నాను. తేలలేదు. అది మా వంటింటి కిటికీ గట్టు మీదే ఉంది.

"మేడం చిక్కిపోయారు" అని వెనకనుంచి ఇంకొకామె అందుకుంది. "మంత్రిగారు ఇంటి బడ్జెట్‌లో కోత పెట్టారేమో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడం అంత కష్టమేం కాదని అప్పుడే తెలిసింది. మొహానికి అలవాటైన పని, అదే చేసుకుపోతుంది.

"మీ పోస్టులన్నీ మావారికి చదివి వినిపిస్తా మేడం" అంది సారీ గారు. "మొన్న విని ఏమన్నారో తెలుసా? అలాంటి మొగుడు దొరికితే నేను కూడా ఇంకో రెండు ఉద్యోగాలు చేస్తాను అన్నారు."

మళ్లీ నవ్వులు. ఆ టైర్ల కొట్టు మీది గదిలో ఆయన ఇంకా మంత్రే, మాజీ కాలేదు. బస్సులో ఇంటికొస్తూ ఆ సంగతే ఆలోచించాను. అది మంచో చెడో తేల్చుకునే ఓపిక లేకపోయింది.

*

ఆదివారం పొద్దున అత్తయ్య తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుంటూ కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. ఫోను చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని, ఆ వారం పోస్టుని పైకి చదివేది. ఎవరిదో టెలిఫోన్ నంబరు చదివినట్టు చదివేది. నేను వంటింట్లో ఉండేదాన్ని. గొడుగు విప్పి బిగిస్తే సగమే తెరుచుకుంటోందని, అదీ ఒక సౌకర్యమేనని, ఇరుకు సందుల్లో పనికొస్తుందని మంత్రిగారు వాదించిన పోస్టు ఒకటుంది. అది చదువుతూ మధ్యలో ఆగి, "నిజంగా అన్నాడా, నువ్వు కల్పించావా?" అని అడిగింది.

"నిజంగానే అన్నారు."

"అంటాడు" అని మిగతాది చదివింది. మిగిలిన పోస్టులు ముందే చూపించనా అని ఒకసారి అడిగాను. "వద్దు, వారానికొకటి చాలు" అంది.

ఆ రోజు చదవడం అయ్యాక ఫోను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. అంతసేపు ఆవిడ మాట్లాడటం అరుదు.

"ఎక్స్‌ఛేంజీలో మేం మాటలు వినకూడదు. కలిపి వదిలెయ్యాలి. కానీ కలపమని అడిగేటప్పుడే కొన్ని గొంతులు తెలిసిపోయేవి, ఎవరో పోయిన కబురు చెప్పడానికి చేస్తున్నారని. అలాంటప్పుడు ఆ కబురు వినాల్సిన వాళ్లతో, కూర్చున్నారా, కూర్చోండి, కలుపుతున్నాను అనేదాన్ని. ఏ రూల్సులోనూ లేదు. నాకు మా సీనియరు నేర్పింది. నా తర్వాత చేరిన పిల్లలకి నేను నేర్పాను. మా గదిలో ఆడవాళ్లందరం అనేవాళ్లం."

"కూర్చుంటే ఏమవుతుంది అత్తయ్యా?"

"ఏమీ అవదు. పడిపోకుండా ఉంటారు." జుట్టు ముడి వేసుకుంది. "వాడి సంగతి నాకు ఫోన్లో చెప్పిన వాళ్లకి ఎవరూ నేర్పినట్టు లేదు. చేతిలో తడిబట్టలున్నాయి. నిలబడే విన్నాను."

ఆ మాట విన్నప్పుడు నాకేమీ అనిపించలేదు. అనిపించాల్సిన మాట అని మాత్రం తెలిసింది. లోపలికెళ్లి కూరగాయలు తరిగాను.

*

వానాకాలం సగం దాటాక సారీ గారికి ఉద్యోగం వచ్చింది. ఆసుపత్రులకి సాఫ్ట్‌వేరు చేసే కంపెనీ. క్లాసులో చప్పట్లు ఎంత గట్టిగా కొట్టారంటే, కిందనుంచి టైర్ల కొట్టాయన పైకొచ్చి ఏమైందని అడిగాడు. ఆమె మాత్రం తన కాగితాలు సర్దుకుంటూ కూర్చుంది.

"సోమవారంలోపు జవాబివ్వాలి మేడం" అంది అందరూ వెళ్లాక. "నెలకో వారం డ్యూటీ ఉంటుందట. సిస్టం ఎప్పుడు పడిపోతే అప్పుడు లేచి చూడాలి. అర్ధరాత్రయినా సరే."

"మా ఆఫీసులోనూ అంతే. చేస్తారు, ఏం ఫర్వాలేదు" అన్నాను. నేను ఎవరికైనా చెప్పే మాటే అది. సాయంత్రం ఆమె దగ్గర్నుంచి పొడుగాటి మెసేజీ వచ్చింది. బొటనవేలు బొమ్మ పెట్టి పంపేశాను. ఆ సీజనంతా ఎవరేం పంపినా చదవకుండా బొటనవేలే పెట్టేదాన్ని.

మర్నాడు ఆదివారం. ఆ పొద్దున వచ్చిన పోస్టు నాకు పడే అలాంటి డ్యూటీ వారం గురించే. రాత్రి నా ఫోను మోగితే మంత్రిగారు నాకంటే ముందు లేచి టీ పెట్టడం, పొద్దున్నే బాక్సు కట్టి చేతికివ్వడం, ఇంటి శాఖలన్నీ తన దగ్గరే ఉంచుకుని నన్ను సాఫ్ట్‌వేరు శాఖకి పరిమితం చేశానని ప్రకటించడం. అత్తయ్య చదవడం ముగించి లేచేసరికి తలుపు చప్పుడైంది.

గుమ్మంలో సారీ గారు. చేతిలో ఊచ విరిగిన గొడుగు, భుజాలు తడిసిపోయి ఉన్నాయి.

"సారీ మేడం, రావచ్చా అని అడిగితే మీరు సరే అన్నారు కదా" అని ఫోన్లో నా బొటనవేలు చూపించింది. ఇల్లంతా ఒకసారి కలయజూసింది. "మంత్రిగారు ఉన్నారా? ఉత్తచేతుల్తో రావడం ఎందుకని ఈ గొడుగు పట్టుకొచ్చా. సగమే తెరుచుకున్నా ఫర్వాలేదు."

అత్తయ్య వచ్చి గొడుగు చూసింది, ఆమెని చూసింది, నన్ను చూసింది. తన కుర్చీ ముందుకి లాగింది.

"ముందు కూర్చో తల్లీ" అంది.

ఆ మాట తర్వాత ఏం రావాలో ఆ ఇంట్లో మా ఇద్దరికీ తెలుసు. అది చెప్పాల్సింది నేను. "టీ తెస్తా" అని వంటింట్లోకి వెళ్లిపోయాను.

టీ తెచ్చేసరికి ఆమె ఫోన్లో మెయిల్ తెరిచి పట్టుకుని ఉంది. "జవాబు రాసేశా మేడం. పంపేముందు మీరు చదవాలి కదా, రూలు." తీసుకుని చదివాను. అలవాటు కొద్దీ సారీలు కొట్టేస్తూ పోయాను. అవకాశం ఇచ్చినందుకు సారీ, టైము వృథా చేసినందుకు సారీ, ఇబ్బంది పెట్టినందుకు సారీ. అన్నీ పోగా ఒకే వాక్యం మిగిలింది. నేను ఈ ఉద్యోగంలో చేరలేను.

"కారణం రాయలేదే?"

"కారణం మీ బ్లాగే మేడం."

ఫోను తిరిగి ఆమె చేతికిచ్చాను.

"మిమ్మల్ని అనడం కాదు" అంది. "పొద్దున్న చదివాక ఇంకా బాగా తెలిసింది. మీరు లేచి కూర్చుంటే టీ ఇచ్చే మనిషున్నాడు. బాక్సు కట్టే మనిషున్నాడు. అందుకే మీకు కుదిరింది. మా ఇంట్లో నెలలో సగం రోజులు మనిషే ఉండడు. పిల్లల్ని లేపాలా, సిస్టంని లేపాలా? అలాంటాయన ఇంట్లో లేకుండా ఇది జరిగే పని కాదు. ఆ మాట మీతో చెప్పాకే మెయిల్ పంపుదామని వచ్చా."

"మా ఇంట్లోనూ లేడు" అన్నాను.

"బయటికెళ్లారా?"

"పోయాడు. వానలు మొదలవకముందే."

ఆమె అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య తల ఊపింది. ఆమె చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. "మరి ఇవాళ పొద్దున్నది…" అంది.

"అన్నీ ఎండాకాలంలో రాసిపెట్టినవి. వాటంతటవే వస్తున్నాయి."

తిడుతుందనుకున్నాను. ఇన్నాళ్లూ జోకులేయించుకుని చూస్తూ ఊరుకున్నందుకు తిట్టే హక్కు ఆమెకుంది. టీ కప్పు కింద పెట్టింది. తర్వాత టెస్టింగు మనిషి మాత్రమే అడిగే ప్రశ్న అడిగింది.

"అయితే ఇప్పుడు మీకు బాక్సు ఎవరు కడుతున్నారు మేడం?"

జవాబు అత్తయ్య చెప్పింది. "ఎవరూ కట్టట్లేదు. ఇది క్యాంటీన్లో ఏదో తింటుంది. నేనిక్కడ ఏదో తింటాను. ఫోను మోగితే లేస్తుంది, టీ లేకుండానే పని చేసుకుంటుంది, మళ్లీ పడుకుంటుంది. జరుగుతోందా అంటే జరుగుతోంది. బాగా జరుగుతోందని నేననను. అబద్ధం చెప్పడం దేనికి."

అప్పుడు సారీ గారు ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, శబ్దం దాచుకోకుండా, ఎప్పుడూ చూడని మనిషి కోసం భోరున ఏడ్చింది. నేను ఎదురుగా నిలబడి చూస్తున్నాను. నాకు అసూయ వేసింది. ఆయన పోయాక నా లోపల కదిలిన మొదటిది అదే, ఆ అసూయ.

వెళ్లేటప్పుడు వాన ఇంకా పడుతోంది. అత్తయ్య మూలనున్న మా గొడుగు తెచ్చి ఆమె చేతికిచ్చింది. "వాడు బాగుచేసిందే. సగమే తెరుచుకుంటుంది, జాగ్రత్త" అంది. ఆమె తీసుకుంది. వస్తానని చెప్పింది, సారీ అనలేదు. సందు మలుపు తిరిగేదాకా ఆ సగం గొడుగు కింద తడుస్తూనే వెళ్లింది.

సోమవారం సాయంత్రం మెసేజీ వచ్చింది. కంపెనీకి పంపిన జవాబుని నాకూ పంపింది. చేరుతున్నానని ఒక వాక్యం. పిల్లల పరీక్షల వారంలో ఆ డ్యూటీ వెయ్యొద్దని ఇంకో వాక్యం. కింద నాకోసం విడిగా రాసింది: "ఒప్పుకున్నారు మేడం. వేరేవాళ్లెవరూ చదవలేదు, నేనే చూసుకున్నా." బొటనవేలు మీదికి వెళ్లిన వేలిని వెనక్కి తీసుకున్నాను. "చదివాను" అని టైపు చేశాను.

*

క్లాసులో ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడం తన పని కాదనుకుంది. వానలు పలచబడ్డాయి. చివరి పోస్టు వచ్చింది. "వచ్చే వారం మంత్రిగారు గోడగడియారం విప్పుతారు, సాక్షులు కావలెను" అని ఉంది దాని చివర. అత్తయ్య ఆ వాక్యాన్నీ అదే గొంతుతో చదివింది.

తర్వాతి ఆదివారం ఎండ కాసింది. అత్తయ్య ఎప్పట్లాగే జుట్టు ఆరబెట్టుకుని, కుర్చీలో కూర్చుని, వేలితో తెరని కిందికి లాగింది. మళ్లీ లాగింది.

"రాలేదు" అంది.

"అయిపోయాయి అత్తయ్యా."

"తెలుసు" అంది. ఇంకోసారి లాగి చూసి, ఫోను గట్టు మీద పెట్టి, బట్టలు ఆరేయడానికి లేచింది. గోడగడియారం చప్పుడు వినపడుతోంది. దాన్ని ఎవరూ విప్పలేదు కాబట్టి సరిగ్గానే తిరుగుతోంది.

నేను లాప్‌టాప్ తెచ్చుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. మొదటి వాక్యం రాశాను. తర్వాత బిల్డింగు పైన మోటారు గది గురించి రాశాను. ఆదివారాల గురించి, టైర్ల కొట్టు మీది గదిలో నవ్విన నవ్వుల గురించి రాశాను. మిక్సీలో మిగిలిన స్క్రూ ఎక్కడిదో తేలలేదని, ఇక తేలదని రాస్తుండగా చేతులు ఆడలేదు. కిటికీ గట్టు మీద అది కనపడుతూనే ఉంది. లేచి దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, మిగతాది రాశాను. ఎక్కడా సారీ పెట్టలేదు. పెట్టబోయి రెండుసార్లు ఆగాను.

రాయడం అయ్యేసరికి అత్తయ్య బకెట్లోంచి చివరి బట్టలు పిండుతోంది.

"అత్తయ్యా, కొత్తది రాశాను. పంపేముందు ఎవరో ఒకరు చూడాలి, మా రూలు."

"చేతులు తడిగా ఉన్నాయి. నువ్వే చదువు, వింటాను."

మొదటి వాక్యం చదివాను. "కూర్చుని చదవండి."

అత్తయ్య చేతిలో బట్ట అలాగే ఆగింది. నన్ను చూసింది. తడిబట్టలన్నీ బకెట్లోకి జారవిడిచి, చేతులు చీరకి తుడుచుకుని వచ్చి, నా ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"కూర్చున్నా" అంది. "కలుపు."